గాజు తొట్టిలో నలభై రోజులు

చేపకు జబ్బు చేస్తే వైద్యం చేయించడమేమిటని, మా ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన నవ్వారు. చేప అంటే వండుకునేది, కాదంటే నీళ్లలో వదిలేసేది, అంతేగాని కూర్చుని సేవ చేసేది కాదన్నది ఆయన వాదన. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ అదే మాట అనేవారు. కాని ఆయన నవ్విన రోజున మా బాల్కనీలో, ఒక ప్లాస్టిక్ తొట్టిలో, ఒకే ఒక్క చేప ఈదుతూ ఉంది. పక్కనే అలాంటి తొట్టి ఇంకొకటి శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. మూడు రోజులకొకసారి చేపను ఇందులోంచి అందులోకి మార్చాలి. ఎందుకు మారుస్తున్నావయ్యా అని అడిగారాయన. చెప్పబోయి ఆగిపోయాను. సరిగ్గా చెప్పాలంటే లండన్ నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక ఆయనకు లేదు, అప్పటికి నాకూ పూర్తిగా తెలియదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

నేను బ్యాంకు ఉద్యోగిని, చదివింది కామర్సు. జీవశాస్త్రంతో నా స్నేహం పదో తరగతితోనే ముగిసింది. మా అమ్మాయి పట్టుబట్టడంతో కొన్నేళ్ల క్రితం ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టాం. రెండు క్లౌన్ చేపలు, రెండు డామ్సెల్ చేపలు, కొద్దిగా పగడాలు, ఒక రొయ్య, కాసిని నత్తలు. ఏడాదిపాటు అంతా సాఫీగా సాగింది. ఒక ఆదివారం ఒక దుకాణంలో నీలిరంగు సర్జన్ చేప కనిపించింది. పౌడర్ బ్లూ అంటారు దాన్ని. మన హిందూ మహాసముద్రపు చేపే. దాని వెల వినగానే మా ఆవిడ ముఖం తిప్పుకుంది గాని, దాని అందం చూసి మళ్లీ తనే సరేనంది. ఇంటికి తెచ్చి నేరుగా తొట్టిలో వదిలేశాం.

మూడో నాటికి దాని రెక్కల మీద ఎవరో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. ఒళ్లు రాళ్లకేసి రాచుకునేది. ఇంకో నాలుగైదు రోజులకు ఆ చుక్కలు రాలిపోయి ఒళ్లు నున్నగా కనిపించింది. "నయమైపోయింది నాన్నా!" అంది మా అమ్మాయి. నేనూ నమ్మాను. ఆ సాయంత్రం అందరం తొట్టి ముందు కూర్చుని టీ తాగాం. తరువాతి వారంలో చుక్కలు మళ్లీ వచ్చాయి. ఈసారి పదులు కాదు, వందలు. ఒక చేపకు కాదు, అన్నిటికీ. మొప్పలు ఎగబీలుస్తూ, నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేవి. మూడు వారాలు తిరక్కుండా ఒక్క క్లౌన్ చేప తప్ప అన్నీ పోయాయి.

మొదట దుకాణంవాణ్ణి తిట్టుకున్నాను. తరువాత ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తప్పులో నా వాటా ఎంతో లెక్క తేలుతూ వచ్చింది.

*

ఈ జబ్బు కథకు ముందు గాజుతొట్టి కథ చెప్పాలి. ఇంగ్లండులో 1845 దాకా గాజు మీద ఎక్సైజు పన్ను ఉండేది. ఆ ఏడు దాన్ని ఎత్తివేశారు. గాజు చవకైంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు, నీళ్లు మార్చకుండానే చేపలను బతికించవచ్చని తన ప్రయోగం వివరాలు ప్రకటించాడు. చేపలు, నీటి మొక్కలు, నత్తలు ఒకే తొట్టిలో ఉంటే, ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారమై నీరు చెడకుండా ఉంటుందన్నది దాని సారం. అది మంచినీటి తొట్టి. తరువాత ఆయన ఉప్పునీటితోనూ ప్రయత్నించాడు. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు కూడా అదే దారి పట్టాడు. 1853లో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో చేపల కోసం ప్రత్యేకంగా ఒక భవనం తెరిచారు. ప్రజలు డబ్బిచ్చి వెళ్లి చేపలను గాజు వెనక చూసిన మొదటి చోటు అదే. మరుసటి ఏడు గాస్ రాసిన 'ది అక్వేరియం' అనే పుస్తకం వచ్చింది. దాంతో ఇంగ్లండు మధ్యతరగతి ఇళ్లలో చేపల తొట్టి ఒక మోజైపోయింది.

ఆ మోజు ఫలితం ఏమైందో గాస్ కొడుకే రాశాడు. ఎడ్మండ్ గాస్ 1907లో ప్రచురించిన తన జ్ఞాపకాల పుస్తకంలో, తండ్రి చేయి పట్టుకుని తాను చూసిన సముద్రతీరపు రాతిమడుగులను, సేకరించేవాళ్ల గుంపులు వచ్చిపడి ఎలా పాడుచేశాయో చెప్పాడు. ఆ గుంపులను తీరానికి రప్పించింది తన పుస్తకాలేనని తండ్రి బాధపడ్డాడట. సముద్రాన్ని ప్రేమించమని చెప్పినవాడే దాన్ని దోచుకునే దారి చూపినవాడయ్యాడు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు ఆ నీలి చేప గుర్తొచ్చింది.

మన దేశంలోనూ ఈ ముచ్చట త్వరగానే మొదలైంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ పూనికతో మెరీనా తీరాన 1909లో అక్వేరియం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. మా బొంబాయిలో మెరీన్ డ్రైవు మీది తారాపోర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నా చిన్నతనంలో మా నాన్న ఒక సెలవురోజున నన్ను అక్కడికి తీసుకువెళ్లాడు. నేను ఉప్పునీటి చేపను దగ్గరగా చూడడం అదే మొదలు. ఆ చేపలను ఎక్కణ్ణుంచి తెస్తారు, జబ్బుపడితే ఏం చేస్తారు అన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆ వయసులో ఎవరికి వస్తుంది?

*

చేపల ఒంటిమీద తెల్లచుక్కలు వేసే సూక్ష్మజీవిని మంచినీటి చేపల్లో ముందుగా గుర్తించారు. ఫ్రాన్సులో ఫూకే అనే ఆయన 1876లో దానికి పేరు పెట్టాడు. ఆ పేరును తెలుగు చేస్తే 'బహుసంతానపు చేపపేను' అవుతుంది. ఎంత సరైన పేరో మా తొట్టిలో రెండో విడత చుక్కలు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఉప్పునీటి చేపల్లో ఇలాంటి జబ్బునే జపానులో సికమ అనే శాస్త్రజ్ఞుడు 1930ల చివర వర్ణించాడు. పేరు స్థిరపడింది మాత్రం లండన్‌లో. అక్కడి జంతుప్రదర్శనశాల అక్వేరియం చేపల మీద బ్రౌన్ అనే పరిశోధకులు పనిచేసి, 1951లో దీనికి క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టారు. దాగిన కేంద్రకం కలది, దురద పెట్టేది అని అర్థం. బొంబాయిలో అక్వేరియం తెరిచిన ఏడే ఈ పేరు కూడా పుట్టింది.

బ్రౌన్ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1931లో, ఇంకో పరాన్నజీవిని వర్ణించి ఉన్నారు. చేప ఒంటిమీద తెల్లమచ్చలుగా కాక, సన్నటి పుప్పొడి రాలినట్టు కనిపిస్తుంది అది. ముందుగా మొప్పలను పట్టుకుంటుంది, ఇంకా త్వరగా చంపుతుంది. మొదట ఊడినియం అన్నారు, 1946 తరువాత అమైలూడినియం అంటున్నారు. దాని పుట్టుపూర్వోత్తరాలను పూర్తిగా విప్పి చెప్పినవాడు న్యూయార్క్ అక్వేరియంలో పనిచేసిన రాస్ నైగ్రెల్లి. ఆయన పత్రం 1936లో వచ్చింది.

ఆ న్యూయార్క్ అక్వేరియం ఉన్న భవనం గురించి ఒక మాట చెప్పాలి. మన్‌హటన్ దక్షిణపు కొసన నీటి ఒడ్డున ఉన్న పాతకోట అది. 1855 నుంచి 1890 దాకా, ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వలసదారులు దిగి, పేర్లు రాయించుకుని ఊళ్లోకి వెళ్లిన చోటు. లక్షలమంది ఆ వాకిలి దాటారు. ఆ పని వేరే చోటికి మారాక, 1896లో అదే భవనాన్ని అక్వేరియం చేశారు. 1941 దాకా అక్కడే నడిచింది. మనుషులు దిగిన రేవులో తరువాత చేపలు దిగాయి. వాటి పేర్లు రాసినవాళ్లున్నారు గాని, వాటితోబాటు ఏమేం దిగుతోందో తెలుసుకోవడానికి నైగ్రెల్లి వంటివాడు రావలసివచ్చింది.

*

ఈ తెల్లచుక్కల జీవి బతుకు నాలుగు దశలలో నడుస్తుంది. అది తెలిస్తేనే వైద్యం అర్థమవుతుంది కనుక పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

మనకు కనిపించే తెల్లచుక్క, చేప పైచర్మం కింద దూరి కూర్చున్న పరాన్నజీవి. బాగా బలిస్తే అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. చేప కణాలను తింటూ మూడు నుంచి ఏడు రోజులు అక్కడే ఉంటుంది. తరువాత తనంతట తానే చర్మాన్ని వదిలి కిందికి జారి, కొన్ని గంటలు పాకి, రాతికో ఇసుకకో అంటుకుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ గుళికలో అది చీలి చీలి రెండువందల దాకా పిల్లలవుతుంది. మామూలుగా మూడు రోజుల తరువాత మొదలుకొని నాలుగు వారాల లోపు గుళిక పగిలి పిల్లలు నీళ్లలోకి వస్తాయి. కొన్ని గుళికలు ఇంకా చాలా ఆలస్యంగా, రెండు నెలలు దాటాక కూడా పగులుతాయి. ఈదే పిల్లకు ఒకటి రెండు రోజులే ఆయుష్షు. ఆలోపల చేప దొరకాలి. లేకపోతే చస్తుంది.

మా ఇంట్లో చుక్కలు మాయమైన రోజు, మేము టీ తాగిన సాయంత్రం, ఈ లెక్క ప్రకారం ఏం జరిగిందో ఇప్పుడు తెలుస్తుంది. జబ్బు నయం కాలేదు. కడుపు నిండి, పిల్లలను పెట్టడానికి కిందికి దిగింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో బర్జెస్, మాథ్యూస్ అనే ఇద్దరు 1990లలో చేసిన పరిశోధనలో, ఈ జీవి చేపను వదలడమూ, గుళిక పగిలి పిల్లలు బయటికి రావడమూ చీకటి వేళలో జరుగుతాయని తేలింది. చేపలు కదలకుండా అడుగున విశ్రమించే సమయం అది. దొంగ ఇంటివాళ్లు నిద్రపోయే వేళ చూసుకున్నట్టు. అదే పరిశోధకులు మరో సంగతి చూపారు. జబ్బు పడి బతికిన చేపకు కొన్ని నెలలపాటు కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది. అటువంటి చేప ఒంటిమీద కొద్దిపాటి పరాన్నజీవులున్నా మన కంటికి నిక్షేపంగా కనిపించవచ్చు. చూపులకు బాగున్న చేపను కొనుక్కొచ్చాం కదా అన్న నా వాదన దీంతో వీగిపోయింది.

*

మందు సంగతికి వస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియం 1923లో మొదలైంది. అక్కడ పనిచేసిన రాబర్ట్ డెంప్‌స్టర్, అమైలూడినియం జబ్బుకు మైలుతుత్తం ఎలా వాడాలో 1955లో ఒక పత్రంలో చెప్పాడు. మైలుతుత్తం మనకు కొత్త కాదు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా ఇటు నాసిక్ ద్రాక్షతోటల్లోనూ, అటు కర్ణాటక వక్కతోటల్లోనూ చల్లేది అదే. తెల్లచుక్కల జబ్బుకు కూడా ఆ వైద్యమే వాడుకలోకి వచ్చింది.

రాగి ఈదే పిల్లలను మాత్రమే చంపుతుంది. చర్మం కింద ఉన్నదాన్ని గాని, గుళికలో ఉన్నదాన్ని గాని ముట్టుకోలేదు. కనుక గుళికలు పగిలి పిల్లలు బయటికి వచ్చేదాకా, రెండు మూడు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ, నీళ్లలో రాగి తగ్గకుండా చూడాలి. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు కావాలి. అంతకు తగ్గితే పరాన్నజీవి చావదు. బాగా పెరిగితే చేపే చస్తుంది. వంద లీటర్ల తొట్టికి లెక్కవేసి చూశాను. కావలసిన రాగి 20 మిల్లీగ్రాములు, అందుకు మైలుతుత్తం ఇంచుమించు 80 మిల్లీగ్రాములు. చిటికెడులో ఎన్నోవంతో! దాన్ని పోసేసి ఊరుకుంటే సరిపోదు. పగడపు ఇసుక, సున్నపురాళ్లు రాగిని పీల్చుకుంటాయి. పొద్దున ఉన్న నిల్వ సాయంత్రానికి ఉండదు. అందువల్ల రోజూ కొలిచి, తగ్గినంత మాత్రం కలపాలి. మా బ్రాంచిలో సాయంత్రం నగదు లెక్క సరిపోయేదాకా క్యాషియరు ఇంటికి వెళ్లడానికి వీల్లేదు. ఈ వైద్యం కూడా ఆ పద్ధతిదే.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. చేపను కాపాడే రాగి మోతాదు పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. గాస్ కాలం నుంచి గాజుతొట్టి గొప్పతనమంతా అన్ని రకాల ప్రాణులనూ ఒకచోట చేర్చడంలోనే ఉంది. ఆ తొట్టిలో మందు పోస్తే చేప బతికి మిగతా సంసారం చస్తుంది. పైగా ఇసుక పీల్చుకున్న రాగి తరువాతెప్పుడో మళ్లీ నీళ్లలోకి వస్తుంది. కాబట్టి వైద్యం వేరే చోట జరగాలి. అడుగున ఇసుక లేని, రాళ్లు లేని ఒట్టి తొట్టి కావాలి. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క ఉంటే చాలు. అలంకారాలేమీ లేని ఆ తొట్టినే క్వారంటైన్ తొట్టి అంటారు.

క్వారంటైన్ అన్న మాట 2020లో మనందరి ఇళ్లలోకీ వచ్చి కూర్చుంది కనుక అర్థం చెప్పనక్కరలేదు. దాని చరిత్ర మాత్రం చాలా పాతది. ఏడ్రియాటిక్ తీరాన ఉన్న రగూసా, అంటే ఇప్పటి డుబ్రోవ్‌నిక్, ప్లేగు భయంతో 1377లో ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న చోట్లనుంచి వచ్చేవాళ్లు నెలరోజులు బయటే ఆగాలని ఆ చట్టం. తరువాత వెనిస్ వంటి రేవుల్లో ఆ గడువు నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైని సూచించే మాట నుంచే ఈ పేరు వచ్చింది. రోగం ఏమిటో, ఎలా వస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. లోపల ఏదన్నా ఉంటే ఇన్నాళ్లలో బయటపడుతుందన్న ఒక్క నమ్మకంతో ఆపేవారు. చేపలను పెంచేవాళ్లు కొత్త చేపను నాలుగైదు వారాలు విడిగా ఉంచమని చెప్పే మాట కూడా ఆ నలభైకి దగ్గరలోనే ఉండడం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మా బ్యాంకులో వివరం తేలని పద్దును సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం. తేలేదాకా అసలు ఖాతాలోకి రానివ్వం. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసినవాణ్ణి, నీలి చేపను మాత్రం సంచిలోంచి నేరుగా అసలు ఖాతాలో జమ చేశాను.

*

మందు లేకుండానే ఈ జబ్బును జయించే దారి ఇజ్రాయెల్‌లో దొరికింది. ఎర్రసముద్రపు కొసన ఉన్న ఐలాట్ పట్నంలో ఆంజెలో కొలోర్ని అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. అక్కడ అలంకారపు చేపలు కావు, తిండికోసం పెంచే సీబ్రీమ్ చేపలకు ఈ జబ్బు తగిలింది. 1985లో ఆయన ఉప్పు తగ్గించే పద్ధతిని గురించి రాశాడు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. చేప రక్తంలో ఉప్పు అందులో మూడోవంతు ప్రాంతం. అందుకని నీటిలో ఉప్పు బాగా తగ్గించినా చేప తట్టుకుంటుంది, గుళికలు తట్టుకోలేవు. అయితే ఇందులోనూ మినహాయింపులున్నాయి. తక్కువ ఉప్పులో బతకగలిగిన రకాలను తరువాత తైవాన్ వంటి చోట్ల చూశారు.

1987లో కొలోర్ని చెప్పిన మరో పద్ధతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అందులో మందు లేదు, యంత్రం లేదు, ఉన్నది క్యాలెండరు మాత్రమే. చేపను మూడు రోజులకొకసారి శుభ్రమైన తొట్టిలోకి మార్చాలి. అలా నాలుగుసార్లు. చర్మం కిందినుంచి రాలిన పరాన్నజీవి గుళిక కట్టి, పిల్లలను వదలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కదా. అవి బయటికి వచ్చేసరికి చేప అక్కడ ఉండదు. పాత తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి ఆరబెడితే గుళికలు చస్తాయి. చేప ఒంటిమీద మిగిలినవి కూడా వారం రోజులకు మించి ఉండలేవు కనుక, పన్నెండు రోజుల్లో అన్నీ ఏదో ఒక తొట్టిలో రాలిపోయి తీరతాయి. శత్రువు దినచర్యను తెలుసుకుని, దానికంటె ఒక గంట ముందు లేచి వెళ్లిపోవడం అన్నమాట. ఇది తెల్లచుక్కల జబ్బుకే. వేగంగా పెరిగే అమైలూడినియంకు ఈ లెక్క పనికిరాదు. ఏ జబ్బో ముందు తేల్చుకోవాలి.

మా బంధువు నవ్విన రోజున బాల్కనీలో జరుగుతున్నది ఇదే. మిగిలిన ఆ ఒక్క క్లౌన్ చేపకు అది రెండో మార్పు. నీళ్లలో ఉప్పు ఒకే పాళ్లలో ఉందో లేదో, వేడిమి సరిపోయిందో లేదో చూసుకుని, ఉదయం ఆఫీసుకు వెళ్లే ముందే మార్చేవాణ్ణి. వల, గొట్టం ముక్క, నా చేతులు కూడా తడి పోయేదాకా ఆరాలి. పాత తొట్టినీళ్లు ఒక్క చుక్క కొత్తదాంట్లో పడకూడదు. మా అమ్మాయి గోడ క్యాలెండరులో తేదీల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టింది. నాలుగో మార్పు తరువాత ఇంకో నాలుగు వారాలు చూశాం. చుక్క కనిపించలేదు.

పెద్ద తొట్టికి వేరే శిక్ష పడింది. అందులో చేపలు లేవు గాని పగడాలున్నాయి, గుళికలూ ఉండే ఉంటాయి. చేప దొరక్కపోతే పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. అందరికంటె ఆలస్యంగా పగిలే గుళిక కూడా పగిలిపోయేదాకా తొట్టిలో చేపను వదలకూడదు. పదకొండు వారాలు ఆగాం. చేపల్లేని తొట్టికి రోజూ దీపం పెట్టి, నీళ్లు మారుస్తూ ఉంటే వచ్చినవాళ్లు వింతగా చూసేవారు. మా ఆవిడ మాత్రం, "ఇల్లు అలికి ముగ్గు పెట్టి చుట్టాల కోసం చూసినట్టుంది" అంది.

*

ఇదంతా చదివాక నా మనసులో మిగిలిన విషయం ఒకటుంది. ఈ పరాన్నజీవి సముద్రంలోనూ ఉంది. ఆస్ట్రేలియాలో డిగిల్స్, లెస్టర్ అనే పరిశోధకులు క్వీన్స్‌లాండ్ తీరంలో సహజంగా తిరిగే చేపల మీద దీన్ని చూశారు. 1996లో ప్రచురించారు. కాని అక్కడ చేపకు ఏ కొద్దిపాటివో ఉంటాయి, చేప తన దారిన తాను బతుకుతుంది. గుళిక పగిలేసరికి చేప మరో దిబ్బకు వెళ్లిపోయి ఉంటుంది. సముద్రం పెద్దది, పిల్ల ఆయుష్షు చిన్నది. రెండువందల పిల్లల్లో ఏ ఒకటో రెండో చేపను చేరితే గొప్ప. గాజుతొట్టిలో నాలుగు అడుగుల నీళ్లు, పారిపోవడానికి చోటు లేని చేప, ప్రతి రాత్రీ అదే మూల నిద్ర. మామూలు పేనులాంటి జీవి అక్కడ మహమ్మారి అయింది. దాన్ని మహమ్మారి చేసింది 1850ల నుంచి మనం కడుతున్న గోడలే. కొలోర్ని పద్ధతిని ఆలోచించి చూడండి. చేపను మూడు రోజులకొకసారి మార్చడమంటే, సముద్రంలో అది చేసుకోగలిగిన పనిని తొట్టిలో దాని బదులు మనం చేయడమే.

ఇది ఇంట్లో ముచ్చట కోసం చేపలను పెంచేవాళ్ల గొడవ మాత్రమే అనుకోనక్కరలేదు. 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, 2007లో విశాఖపట్నం దగ్గర సముద్రంలో పంజరం దింపి పండుగప్పను పెంచింది. 2010లో మండపంలో కోబియా చేప చేత గుడ్లు పెట్టించింది. పండుగప్పకు ఈ తెల్లచుక్కల జబ్బు తగులుతుంది. సముద్రం నుంచి తెచ్చిన తల్లిచేపలను హేచరీలో ముందు విడిగా ఉంచి, పరాన్నజీవులు లేకుండా చేసుకోవడం తప్పనిసరి పని. లండన్ వినోదశాలలో మొదలైన పాఠం ఈనాడు మన తీరంలో చేపలు పెంచి బతికేవాళ్లకు కావలసివచ్చింది.

మా ఇంటి తొట్టిలో ఇప్పుడు ఆ క్లౌన్ చేపకు ఒక జత ఉంది. అది వచ్చిన రోజున ఎవరూ తొట్టి ముందు కూర్చోలేదు. నేరుగా బాల్కనీకి తీసుకువెళ్లి, గొట్టం ముక్క ఒక్కటే ఉన్న ఒట్టి తొట్టిలో వదిలాం. మా అమ్మాయి క్యాలెండరు తీసి లెక్కపెట్టి నలభయ్యో రోజు చుట్టూ సున్నా చుట్టింది. పౌడర్ బ్లూను మళ్లీ కొనలేదు. కొనమని ఎవరూ అడగలేదు. ఆ మధ్య మా బంధువు మళ్లీ వచ్చి, బాల్కనీలోకి తొంగిచూసి, "ఇంకా ఇక్కడే ఉందా ఇది?" అని అడిగారు.

"ఇంకా పదకొండు రోజులుందండీ" అన్నాను.